నష్టం ఎవరిది? లెక్క రాసే కలం ఎవరిది?

హైదరాబాద్ నుంచి కర్నూలు పోయే 44వ నెంబరు జాతీయ రహదారి మీద కృష్ణ వంతెన దాటగానే బీచుపల్లి వస్తుంది. అంజన్న గుడికి పోయిన మనవాళ్ళందరూ అక్కడి ఆయిల్ మిల్లును చూసే ఉంటారు. అది మన పల్లి కోసం పెట్టిన మిల్లు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట ప్రాంతాల్లో యాసంగిలో పండే వేరుశనగను సహకార రంగంలోనే కొని, అక్కడే నూనె ఆడించి, విజయ పేరుతో అమ్మాలని ఆయిల్‌ఫెడ్ కింద కట్టారు. ఇరవై ఏళ్ళ కింద దానికి తాళం పడింది. కారణం ఒక్క మాటలో చెప్పారు: నష్టాలు.

ఇప్పుడు అదే చోట పామాయిల్ మిల్లు అంటున్నారు. స్థలం అదే, సంస్థ అదే, జిల్లా అదే. పల్లికి లేని డబ్బు పామాయిల్‌కు ఎక్కడినుంచి వచ్చింది? ఒక సంస్థ తన కింద ఉన్న పది యూనిట్లలో దేనికి పెట్టుబడి పెట్టాలో, దేన్ని మూసెయ్యాలో ఎట్లా తేలుస్తుంది? ఎవరు తేలుస్తారు? ఇది ఆఫీసుల్లో కూర్చునేవాళ్ళ విషయం, మనకెందుకు అనుకోవద్దు. మన యార్డులో పలికే ధర, మన ఊరికి వచ్చే బస్సు, మన చేనుకు రావాల్సిన నీళ్ళు, అన్నీ ఈ ఒక్క నిర్ణయం మీదనే ఆధారపడి ఉన్నాయి.

ఆవులు, కుక్కలు

పెద్ద కంపెనీలకు సలహాలు అమ్మే అమెరికా సంస్థ బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ 1970లో ఒక పట్టిక తయారు చేసింది. కంపెనీ కింద ఉన్న వ్యాపారాలను నాలుగు గళ్ళలో వెయ్యమంది. మార్కెట్ పెరుగుతూ, అందులో మన వాటా పెద్దదైతే నక్షత్రం. పెరుగుదల లేకున్నా వాటా పెద్దదైతే పాలిచ్చే ఆవు. మార్కెట్ పెరుగుతున్నా మన వాటా చిన్నదైతే ప్రశ్నార్థకం. పెరుగుదలా లేక, వాటా కూడా లేకుంటే కుక్క. ఆవును పిండి ఆ పాలను నక్షత్రాలకు పొయ్యాలి, కుక్కలను వదిలించుకోవాలి. ఇంతే సూత్రం. ప్రపంచమంతటా మేనేజ్‌మెంట్ చదువుల్లో దీన్ని నేర్పుతారు.

పశువుల పేర్లు పెట్టినవాళ్ళు పశువులను సాకినవాళ్ళు కాదని చూడగానే తెలుస్తుంది. రైతు ఇంట్లో కుక్క పాలివ్వదు, కానీ రాత్రి కల్లం కాడ కావలి ఉండేది అదే. ఒట్టిపోయిన బర్రెను ఎవరూ ఆ నెలనే కటికవాడికి తోలరు. ఈతకు వచ్చేదాకా గడ్డి వేస్తారు, ఎందుకంటే పాల లెక్క ఒక్క నెలది కాదని తెలుసు. పాలిచ్చే ఆవునైనా పిండుడే తప్ప మేపకపోతే ఏమైతదో చిన్నపిల్లవాణ్ణి అడిగినా చెప్తాడు.

ప్రైవేటు కంపెనీ తన సొమ్ముతో ఎట్లా చేసుకున్నా దాని ఇష్టం. మన షేరు ధనంతో, మన పన్నులతో నిలబడ్డ సహకార సంఘాలకూ ప్రభుత్వ సంస్థలకూ ఇదే కొలబద్ద తెచ్చిపెట్టారు. 1998లో ప్రపంచ బ్యాంకు దగ్గర దాదాపు 54 కోట్ల డాలర్ల అప్పుతో ఆంధ్రప్రదేశ్ ఆర్థిక పునర్వ్యవస్థీకరణ పథకం వచ్చిన నాటినుంచి రాష్ట్రంలోని ప్రభుత్వ రంగ సంస్థలనూ సహకార మిల్లులనూ వరుసలో నిలబెట్టి, ఇది ఉంచాలె, ఇది అమ్మాలె, ఇది మూసెయ్యాలె అని గీతలు గీశారు. ఆ వరుసలో నిజాం షుగర్స్ ఉంది. నిజాం కాలంలో బోధన్‌లో మొదలైన ఆ సంస్థలో 2002లో 51 శాతం వాటాను ప్రైవేటుకు అప్పగించారు. ప్రైవేటు చేతికి పోతే బాగుపడుతుందన్నారు. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి మూడు యూనిట్లూ మూతబడ్డాయి. చెరుకు రైతు కొట్టెయ్యలేక, అమ్మలేక దిక్కులు చూశాడు.

మాడ్చి, రోగం అని రాసుడు

ఏ యూనిట్ నష్టంలో ఉందో పుస్తకంలో కనబడుతుంది కదా, దానికి రాజకీయం ఎందుకు అని అడిగేవాళ్ళున్నారు. పుస్తకంలో నష్టం ఎట్లా పుడుతుందో ఒకసారి లెక్క వేసి చూద్దాం.

ఒక నూనె మిల్లుకు జీతాలు, కరెంటు కనీస చార్జీ, బీమా, మరమ్మతులు కలిపి ఏడాదికి కోటి రూపాయలు స్థిర ఖర్చు అనుకుందాం. మిల్లు ఆడినా ఆడకున్నా ఈ ఖర్చు తప్పదు. ఏడాదికి 10,000 టన్నుల కాయ ఆడిస్తే టన్నుకు 1,000 రూపాయలు పడుతుంది. 2,000 టన్నులే ఆడిస్తే టన్నుకు 5,000 పడుతుంది. యంత్రం అదే, పనివాళ్ళు వాళ్ళే. తేడా అంతా కాయ కొనడానికి చేతిలో డబ్బు ఉందా లేదా అన్నదే.

పల్లి మార్కెట్‌కు వచ్చేది జనవరి నుంచి మార్చి దాకా. ఏడాదికి సరిపడా సరుకును ఆ రెండు మూడు నెలల్లోనే కొని నిలువ చేసుకోవాలి. కాబట్టి మిల్లుకు ప్రాణం యంత్రం కాదు, జనవరిలో చేతికందే నిర్వహణ పెట్టుబడి. ఆ డబ్బు ఏప్రిల్‌లో మంజూరైతే కాయ అప్పటికే వ్యాపారి గోదాముకు చేరి ఉంటుంది. మిల్లు ఖాళీగా ఉంటుంది. ఏడాది చివర ఆడిటర్ వచ్చి సామర్థ్యంలో ఐదో వంతే వాడారు, టన్నుకు ఇంత నష్టం అని రాస్తాడు. ఆ రాత అబద్ధం కాదు. కానీ పస్తులు పెట్టినవాణ్ణి వదిలేసి, పస్తున్నవాడికి రోగమని రాసిన చీటీ అది.

దీని మీద ఇంకో పోటు ఉంది. హెడ్డాఫీసు కార్లు, ఏసీలు, అధికారుల జీతాలు, పాత అప్పుల వడ్డీ, ఇవన్నీ కింది యూనిట్ల మీద పంచుతారు. ఒక యూనిట్ మూసేస్తే దాని వాటా ఖర్చు మాయం కాదు, మిగిలిన యూనిట్ల మీద పడుతుంది. నిన్నటిదాకా లాభంలో ఉన్నది రేపు నష్టంలోకి జారుతుంది. అప్పుడు దాన్నీ మూస్తారు. మొదటిది మూసేటప్పుడు సంస్థను కాపాడడానికి అంటారు. చివరికి మిగిలేది హెడ్డాఫీసు ఒక్కటే.

పుస్తకంలో లేని లాభం

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. సహకార మిల్లు యార్డులో నిలబడి కొంటున్నప్పుడు దాని లాభం మిల్లు పుస్తకంలో కనబడదు. రైతు చీటీలో కనబడుతుంది.

ఒక సీజన్‌లో యార్డుకు లక్ష క్వింటాళ్ళ పల్లి వచ్చిందనుకుందాం. మిల్లు అందులో కొనేది పదివేల క్వింటాళ్ళే. కానీ మద్దతు ధరకు కొనే ఒక గిరాకీ ఉందని తెలిస్తే మిగతా వ్యాపారులు బీట్ పెంచక తప్పదు. క్వింటాలుకు 300 రూపాయలు పెరిగినా లక్ష క్వింటాళ్ళకు మూడు కోట్లు రైతుల ఇళ్ళకు చేరతాయి. మిల్లు పుస్తకంలో మాత్రం యాభై లక్షల నష్టం అని ఉంటుంది. మిల్లు మూసేస్తే యాభై లక్షలు మిగిలాయని రాస్తారు. పోయిన మూడు కోట్లు ఏ పుస్తకంలోనూ ఉండవు. సంస్థ నష్టాన్ని రైతు నెత్తికి మార్చి, దానికి పొదుపు అని పేరు పెట్టారు.

అచ్చంపేట యార్డులో ఇది లెక్క కాదు, అనుభవం. 2024 ఫిబ్రవరిలో పల్లి ధర పడిపోయినప్పుడు యార్డులో రైతుల ఆగ్రహాన్ని రాష్ట్రమంతా చూసింది. ఆ ఏటి మద్దతు ధర క్వింటాలుకు 6,377 రూపాయలు. దానికి తక్కువ బీట్లు పడుతుంటే ఆపే నాథుడు లేడు. కాయలో తేమ ఉందని, తాలు ఉందని కోసుకుంటూ పోయారు. ఆ రోజు యార్డు గేటు దగ్గర సహకార సంస్థ కాంటా పెట్టి నిలబడి ఉంటే కథ వేరేగా ఉండేది. రైతు కోపాన్ని శాంతిభద్రతల సమస్యగా చూసినవాళ్ళు, కొనేవాడు లేకుండా చేసింది ఎవరన్న ప్రశ్న అడగలేదు.

పల్లిని కుక్క చేసింది ఎవరు?

పల్లి నూనెకు గిరాకీ తగ్గింది, జనం పామాయిల్ తింటున్నారు, మార్కెట్‌ను బట్టి మారాలి కదా అంటారు. మార్కెట్ దానంతట అది మారలేదు, మార్చారు. 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టాక 1990ల మొదట్లో దేశం తనకు కావలసిన వంటనూనె దాదాపు అంతా తానే పండించుకుంది. 1994లో పామోలిన్‌ను, మరుసటేడు మిగతా నూనెలను ఎవరైనా స్వేచ్ఛగా దిగుమతి చేసుకోవచ్చని తలుపులు తెరిచారు. 1998 నాటికి సుంకాన్ని 15 శాతానికి దించారు. మలేసియా, ఇండోనేసియా నూనె ఓడల్లో దిగింది. మన మిల్లులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఈ రోజు దేశం ఏటా సుమారు 160 లక్షల టన్నుల వంటనూనెను కొంటున్నది. మనం తినే దాంట్లో సగానికి పైగా బయటిదే.

ఇప్పటికీ అదే ఆట. 2024 సెప్టెంబరులో ముడి వంటనూనెల మీద మూల సుంకం 20 శాతం వేశారు. రైతు ఊపిరి పీల్చుకునేలోపు 2025 మే నెలాఖరున దాన్ని 10 శాతానికి కోశారు. అదే ఏడాది పల్లికి 7,263 రూపాయల మద్దతు ధర ప్రకటించారు. ఒక చేత్తో ధర ప్రకటించి, ఇంకో చేత్తో ఆ ధర పలకకుండా చెయ్యడమంటే ఇదే. మద్దతు ధర పథకం కింద కేంద్రం కొనేది కూడా పంటలో 25 శాతానికి మించవద్దని పరిమితి. మిగతా ముప్పావు భాగం ఎక్కడ పోవాలి?

పల్లిని ముందు బలహీనం చేసి, తర్వాత బలహీనమని పక్కన పెట్టారు. ఆ గళ్ళ పట్టికలో కుక్క గడిలోకి అది నడిచి పోలేదు, గొలుసు కట్టి ఈడ్చారు.

ఆయిల్‌పామ్ వేసుకునే రైతుతో మాకు తగాదా లేదు. 2021లో కేంద్రం ఆయిల్‌పామ్‌కు 11,040 కోట్లతో మిషన్ పెట్టింది. నీళ్ళు పుష్కలంగా ఉన్నచోట అది నిలబడవచ్చు. అశ్వారావుపేటలో, అప్పారావుపేటలో ఆయిల్‌ఫెడ్ మిల్లులు నడుస్తున్నాయి కూడా. కానీ లెక్క మాత్రం మర్చిపోవద్దు. ఎకరాకు 57 చెట్లు. ఎండాకాలం చెట్టుకు రోజుకు 200 లీటర్లనుకున్నా ఎకరాకు 11,400 లీటర్లు. బోరు మీద బతికే మన చల్క నేలల్లో మే నెలలో అన్ని నీళ్ళు ఎక్కడివి? మొదటి గెల కోసం నాలుగేళ్ళు ఆగాలి. కోసిన గెలను వెంటనే మిల్లుకు చేర్చాలి, అదీ తన జోన్‌కు కేటాయించిన మిల్లుకే. పల్లి నాలుగు నెలల పంట. కాయ నచ్చిన చోట అమ్ముకోవచ్చు, గింజ దాచుకోవచ్చు, పొట్టు కాలవచ్చు, చెక్క పశువులకు పెట్టవచ్చు. చిన్న కమతం రైతు ఏది తట్టుకుంటాడో ఈ లెక్క చెప్తుంది. నక్షత్రానికి వేలకోట్లు, నాలుగు జిల్లాల పంటకు తాళం. ఇది మార్కెట్ నిర్ణయం కాదు.

నష్టం అనే మాట అందరికీ వర్తించదా?

నష్టం వస్తే మూసెయ్యాల్సిందే అన్నది నిజంగా సూత్రమైతే అందరికీ ఒకే తీరుగా ఉండాలి. కాళేశ్వరం సంగతి చూడండి. పెట్టిన రూపాయికి రూపాయిన్నర ఫలం వస్తుందని ప్రాజెక్టు నివేదికలో రాశారు. 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకు వచ్చిన కాగ్ నివేదిక ఆ లెక్కను తిరగేసింది. ఖర్చు 1.47 లక్షల కోట్లు దాటవచ్చని, అప్పుడు రూపాయికి వచ్చేది 52 పైసలేనని చెప్పింది. అప్పటికే 2023 అక్టోబరులో మేడిగడ్డ పిల్లర్లు కుంగాయి.

మన పాలమూరు-రంగారెడ్డికి శంకుస్థాపన 2015 జూన్ 11న జరిగింది. అంటే కాళేశ్వరం కన్నా ముందే. మంజూరు 35,200 కోట్లు. కాళేశ్వరం 2019 జూన్‌లో ప్రారంభమైంది. దానికి ప్రత్యేక కార్పొరేషన్ పెట్టి అప్పులు తెచ్చారు. పాలమూరులో ఒక్క పంపు తిరగడానికి 2023 సెప్టెంబరు దాకా పట్టింది. ఎన్నికల ముందు ఆ పంపును తిప్పి చూపించారు, కాలువ తవ్వి చేనుకు నీళ్ళియ్యలేదు. ఇటు అచ్చంపేట ఎగువ మండలాల వాళ్ళం ఉమామహేశ్వర ఎత్తిపోతల పేరు వింటూనే ఉన్నాం.

రూపాయికి 52 పైసలు వచ్చేదానికి లక్ష కోట్లు దొరికినప్పుడు, జనవరిలో కాయ కొనడానికి పల్లి మిల్లుకు నాలుగు కోట్లు దొరకవా? కాబట్టి దేన్ని మేపాలి, దేన్ని మాడ్చాలి అన్నది లాభనష్టాల లెక్క తేల్చడం లేదు. ఎవరి గొంతు పెద్దదో, ఎవరికి కాంట్రాక్టులు దొరుకుతాయో అది తేలుస్తున్నది. లెక్కను తర్వాత కూర్చుకుంటున్నారు.

ఆర్టీసీ కూడా ఇదే చెప్పింది. 2019 అక్టోబరు 5 నుంచి 52 రోజులు కార్మికులు సమ్మె చేస్తే, నష్టాల పేరుతో 5,100 రూట్లను ప్రైవేటుకు ఇస్తామని మంత్రివర్గం తీర్మానించింది. ఆ తర్వాత 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చింది. జీరో టికెట్ డబ్బు ప్రభుత్వం కడతానన్నది. బస్సులు కిక్కిరిసిపోయాయి. అమ్రాబాద్, పదర పోయే బస్సు అదే, ఘాటు అదే, డీజిల్ అదే. మారింది ఒక్కటే, టికెట్ డబ్బు ఎవరు కట్టాలన్నది. నష్టం అనేది బస్సులో లేదు, దాన్ని ఎవరు మొయ్యాలన్న తీర్మానంలో ఉంది. నల్లమల అంచున ఉన్న ఊరి రూటు హైదరాబాద్ రూటులాగా వసూళ్ళు తేదు. తేవాలని అడగడమే తప్పు. ఆ బస్సు దిగిన మనిషే మన యార్డుకు సరుకు తెస్తాడు, మన దవాఖానకు వస్తాడు, ఆ పిల్లలే మన కాలేజీలో చదువుతారు.

మన ఇంటి తప్పులు

ఇంతమాత్రాన సహకార సంస్థల్లో జరిగిందంతా మంచే అని మేము అనడం లేదు. కాంటాలో మోసం చేసిన చైర్మన్లను చూశాం. పార్టీ మారితే సొసైటీ మారిన డైరెక్టర్లను చూశాం. కొన్న సరుకు గోదాములో పురుగు పట్టిన రోజులూ ఉన్నాయి. ఆ దొంగతనాలకు నెపం పాలకుల మీద నెట్టి మనం చేతులు దులుపుకోలేం. మహాజన సభకు పోకుండా, జమాఖర్చులు చదవకుండా, టీ తాగి సంతకం పెట్టి వచ్చింది మనమే.

కానీ దొంగ పడ్డ ఇంటికి తాళం మార్చాలి గాని ఇంటిని కూలగొట్టరు. 1956లో మొదలైన ముల్కనూరు సహకార సంఘం ఇప్పటికీ నిలబడి ఉంది. అదీ తెలంగాణ నేలే, వాళ్ళూ వర్షం మీద, బోర్ల మీద బతికిన రైతులే. అప్పు ఇచ్చేదీ, పంట కొనేదీ, మిల్లు ఆడించేదీ ఒకే సంఘం. ఒక పనిలో తగ్గింది ఇంకో పనిలో పూడ్చుకుంటారు. ఏది ఉంచాలో ఏది ఆపాలో సభ్యులు తేల్చుకుంటారు. అక్కడ కూడా యూనిట్లు మూసిన సందర్భాలుంటే ఉండవచ్చు, మూయడమే పాపమని మేమనడం లేదు. మూసే చెయ్యి ఎవరిదన్నదే మా ప్రశ్న.

మన దగ్గర ఆ చేతినే తీసేశారు. ప్రాథమిక సహకార సంఘాలకు 2020 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగాయి. ఐదేళ్ళ గడువు 2025 ఫిబ్రవరితో తీరింది. తీరినప్పుడు ఎన్నికలు పెట్టలేదు, గడువు పొడిగించారు. ఓటు లేని సభ్యుడికి లెక్క అడిగే హక్కు ఎక్కడిది?

మేము అడుగుతున్నది

బీచుపల్లి మిల్లు తెరిచిన ఏడు నుంచి మూసిన ఏడు దాకా ఏటేటా ఎంత కాయ కొన్నారు, నిర్వహణ పెట్టుబడి ఏ నెలలో ఎంత ఇచ్చారు, హెడ్డాఫీసు ఖర్చు ఎంత దాని మీద వేశారు, ఈ లెక్కలు తెలుగులో అచ్చువేసి రైతుల ముందు పెట్టాలి. అక్కడ పామాయిల్ మిల్లు కట్టితే కట్టండి, పక్కనే పల్లి ఆడించే యూనిట్‌ను కూడా తెరవాలి.

అచ్చంపేట యార్డులో పల్లి కొనుగోలు కేంద్రం కాయ వచ్చాక కాదు, రాకముందే, జనవరి మొదటి వారంలో తెరవాలి. కాయ ఆరబెట్టుకునే కల్లాలు, టార్పాలిన్లు ఇవ్వాలి. 25 శాతం పరిమితి ఎత్తెయ్యాలి. దిగుమతి నూనె మద్దతు ధరను దెబ్బకొట్టే రేటుకు దిగకుండా సుంకం వెయ్యాలి.

ఆయిల్‌ఫెడ్, మార్క్‌ఫెడ్, ఆర్టీసీ, ఏ సంస్థ అయినా ఒక యూనిట్‌ను గాని రూటును గాని మూసే ముందు దాని వల్ల రైతుకు, ఊరికి వచ్చే మేలు కూడా కలిపి లెక్క కట్టాలి. ఆ లెక్కను ఆ ఊళ్ళ గ్రామసభల్లో చదవాలి. సహకార సంఘాల ఎన్నికలు సకాలంలో జరపాలి.

ఇవి జరగాలంటే పని మన దగ్గరే మొదలుకావాలి. ఈ యాసంగి కాయ యార్డుకు తెచ్చిన ప్రతి రైతు తన తక్‌పట్టీని పారేయకుండా దాచిపెట్టాలి. ఏ రోజు, ఎన్ని బస్తాలు, ఏ ధర, ఎంత తరుగు. ఊరికొక కార్యకర్త వాటిని ఒక నోటుబుక్కులో ఎక్కించి మార్చి నెలాఖరుకు సంఘం ఆఫీసుకు చేర్చాలి. మద్దతు ధరకు తక్కువ పడ్డ ప్రతి క్వింటాలును కూడుదాం. ఆ మొత్తమే కొనేవాడు లేనందువల్ల మనం మోసిన నష్టం. వాళ్ళ పుస్తకంలో ఆ గడి లేదు. మన పుస్తకంలో ఉంటుంది. ఈసారి నష్టాల మాట ఎవరు ఎత్తినా వాళ్ళ ముందు మన పుస్తకం తెరుద్దాం.